కైఫీయతుల కథ: మన ఊళ్ళ చరిత్ర ఎవరు చెప్పిరి? ఎవరు వ్రాసిరి?

ఒక దేశమును ఏలుట వేరు, ఎరుగుట వేరు. కత్తితో కోటను పట్టవచ్చును గాని, ఆ కోట చుట్టునున్న ఊళ్ళెన్నో, చెరువులెన్నో, ఏ వాగు ఏ నెలలో పొంగునో, ఏ కులమువారు ఏ వీధిలో నుందురో కత్తి చెప్పదు. అందుచేత జయించిన ప్రతి రాజును తరువాత కొలత గొలుసును, కలమును పట్టుకొన్న మనుష్యులను పంపవలసి వచ్చెను. ఎరుగని దేశమును ఎరుగుట కొరకు మనుష్యులు పడిన పాట్లు చరిత్రలో ఒక పెద్ద అధ్యాయము. ఆ అధ్యాయములో మన తెలుగు దేశమునకును, ముఖ్యముగా ఏలూరు వాస్తవ్యులైన ఒక కుటుంబమునకును గొప్ప స్థానము కలదు. ఈ శతవార్షిక సంచికలో ఆ సంగతిని సంఘస్థులకు వివరింపవలెనని నా తలంపు.

బైబిలు చదువరులకు ఈ విషయము క్రొత్తది కాదు. మోషే కనాను దేశమునకు పన్నెండుమందిని పంపినప్పుడు వారి చేతికి ఒక ప్రశ్నల పట్టిక నిచ్చెను. నేల సారమైనదా, చవుడుదా? జనము బలవంతులా, బలహీనులా? వారుండునవి గుడారములా, కోటలా? చెట్లున్నవా, లేవా? పన్నెండుమందియు ఒకే దేశమును చూచిరి. కాని తెచ్చిన నివేదికలు రెండు విధములాయెను. పదిమంది ఆ దేశమును తమ భయముతో కొలిచిరి, ఇద్దరు తమ విశ్వాసముతో కొలిచిరి. తరువాత యెహోషువ కాలమున ఏడు గోత్రములకు ఇంకను భూమి పంచవలసియుండగా, గోత్రమునకు ముగ్గురేసి మనుష్యులు బయలుదేరి, దేశమంతయు తిరిగి, పట్టణముల వరుసను ఒక పుస్తకములో వ్రాసి షిలోహునకు తెచ్చిరి. ఇది అచ్చముగా సర్వే పని. ఇందు గమనింపదగిన సంగతి యొకటి కలదు. మొదటి పన్నెండుమంది పేర్లు మనకు తెలియును. ఈ ఇరువదియొక్కరి పేర్లు ఎక్కడను వ్రాయబడలేదు. దేశమును నడిచి వ్రాసినవారి పేర్లు మరుగున పడుట నాటినుండియు ఉన్నదే.

స్టోర్నోవే నుండి మదరాసుకు

స్కాట్లండు దేశమునకు వాయవ్యమున లూయిస్ అను దీవి కలదు. ఆ దీవిలోని స్టోర్నోవే పట్టణమున 1754 ప్రాంతమున కాలిన్ మెకంజీ జన్మించెను. కొంతకాలము అక్కడి సుంకపు కచేరిలో ఉద్యోగము చేసి, 1783లో ఈస్టిండియా కంపెనీ సైన్యములో చేరి మదరాసు చేరెను. లోగరిథములను కనిపెట్టిన జాన్ నేపియర్ జీవితచరిత్ర కొరకు హిందువుల గణితమును గూర్చి వాకబు చేయు పని అతనికి అప్పటికే అప్పగింపబడియుండెను. ఆ పనిమీదనే మధురకు పోయి అక్కడి పండితులతో పరిచయము చేసికొనెను. తరువాత చాలకాలము యుద్ధములలో ఇంజనీరుగా గడచిపోయెను. 1792లోను, 1799లోను జరిగిన శ్రీరంగపట్టణపు ముట్టడులలో అతడున్నాడు. ఆ రెంటికిని నడుమ నిజాము రాజ్యములో పటములు వ్రాయు పని చేసెను.

టిప్పు సుల్తాను మరణించిన పిమ్మట మైసూరు దేశమును సర్వే చేయు భారము మెకంజీకి అప్పగింపబడెను. సుమారు పది సంవత్సరములు సాగిన ఆ పనిలో దాదాపు 40,000 చదరపు మైళ్ళ దేశము కొలువబడెను. ఇతర సర్వేయరులవలె ఊళ్ళు, ఏరులు, దారులు గుర్తించి ఊరకుండుట అతని మనస్సునకు చాలలేదు. పటములో ఒక చుక్క పెట్టి దానిప్రక్క ఊరి పేరు వ్రాయుచున్నామే, ఆ పేరెట్లు వచ్చెను? ఆ గుడి ఎవరు కట్టించిరి? ఆ రాతిమీద చెక్కిన అక్షరములేమి చెప్పుచున్నవి? ఈ ప్రశ్నలు అతనిని విడువలేదు.

అయితే ఒక పెద్ద అడ్డంకి ఉండెను. మెకంజీకి దేశభాషలు రావు. తాను భాష నేర్వలేకపోతినను లోటును అతడే స్వయముగా ఒప్పుకొన్నాడు. ప్రశ్న అతనిది; జవాబు చెప్పగలవారు ఊరివారు. నడుమ వంతెన కావలెను.

కావలి బొర్రయ్య

ఆ వంతెన పేరు కావలి వెంకట బొర్రయ్య. ఏలూరు కావలివారి ఇంటి బిడ్డ, నియోగి బ్రాహ్మణుడు, చిన్నవయస్సులోనే ఇంగ్లీషు నేర్చినవాడు. 1796 ప్రాంతమున మెకంజీ కొలువులో చేరెను. సంస్కృతము, తెలుగు మొదలగు భాషలలో ప్రవేశము, ఎవరితోనైనను ఇంపుగా మాటలాడి సంగతులు రాబట్టు నేర్పు, పాత శాసనముల లిపిని ఓర్పుతో చదువు పట్టుదల అతనియందుండెను. నాటికి చదువువారు అరుదైపోయిన హళగన్నడ శాసనములను చదివి అర్థము చెప్పుటలో అతడు చూపిన ప్రజ్ఞను మెకంజీ బాహాటముగా ప్రశంసించెను.

బొర్రయ్య 1803లో, ముప్పది సంవత్సరములు నిండకమునుపే మరణించెను. పదునాలుగేండ్ల తరువాత, 1817లో మెకంజీ తన స్నేహితుడైన సర్ అలెగ్జాండర్ జాన్‌స్టన్‌కు ఒక దీర్ఘమైన ఉత్తరము వ్రాయుచు, భారతదేశపు విద్య అను ద్వారములోనికి తనను ప్రవేశపెట్టినది ఈ యువకుని స్నేహమేయని చెప్పుకొన్నాడు. అధికారములోనున్న దొర, చనిపోయిన తన ఉద్యోగిని గూర్చి ఇట్లు వ్రాయుట ఆ రోజులలో సామాన్యమైన సంగతి కాదు.

అన్న మరణించిన తరువాత తమ్ముడు లక్ష్మయ్య ఆ స్థానమును వహించి, మెకంజీ బ్రదికియున్నంత కాలమును పనివారందరిమీద పెద్దగా నుండెను. మరియొక సోదరుడు రామస్వామి కూడ ఆ కొలువులోని వాడే. ఇతడు 1829లో దక్కను కవుల జీవితములను గూర్చి ఇంగ్లీషులో ఒక పుస్తకము ప్రకటించెను. వీరుగాక నారాయణరావు, బాబూరావు, శ్రీనివాసయ్య, జైన పండితుడు ధర్మయ్య మొదలగువారు జిల్లాలవెంట తిరిగి పనిచేసిరి.

1816లో థామస్ హిక్కీ అను చిత్రకారుడు మెకంజీ చిత్తరువును వ్రాసెను. ఎర్రకోటు తొడిగిన దొర నడుమ నిలిచియుండును. అతని చుట్టును ముగ్గురు మనవారు. తాటాకు గ్రంథము పట్టుకొన్నవాడు ధర్మయ్య యనియు, మరియొకడు లక్ష్మయ్య యనియు, దుర్భిణి పట్టుకొన్న బంట్రోతు కిష్టాజీ యనియు పండితులు సాధారణముగా చెప్పుదురు. దూరమున కొండమీద గోమటేశ్వర విగ్రహము కనబడును. పటము వ్రాయుట ఒక్కని పని కాదని తెలుపుటకు ఈ చిత్రమొక్కటి చాలును.

కైఫీయతు అనగా నేమి?

‘కైఫ్’ అనగా అరబ్బీ భాషలో ‘ఎట్లు’ అని అర్థము. ఆ మాటనుండి వచ్చినదే కైఫీయతు. ‘మీ ఊరు ఎట్లున్నది? ఎట్లు వచ్చినది?’ అను ప్రశ్నకు ఊరు చెప్పిన జవాబే కైఫీయతు. మెకంజీ తన పనివారికి ఏ యే సంగతులు అడుగవలెనో వ్రాసియిచ్చెడివాడు. వారు ఊరికిపోయి కరణములను, అర్చకులను, పాత పాళెగాండ్ల వంశీకులను, వృద్ధులను కలిసికొని, కరణముల యిండ్లలో తరతరములుగా దాచియుంచిన దండకవిలెలను చూచి, రాళ్ళమీది శాసనములను నకలు వ్రాసికొని, తాము చేసిన పనిని గూర్చి దినచర్యలును నివేదికలును పంపెడివారు.

ఒక కైఫీయతు తెరచినయెడల మొదట మౌజే పేరు, పరగణా పేరు ఉండును. తరువాత ఊరికి ఆ పేరెట్లు వచ్చినది, అడవి నరికి ఊరు కట్టినదెవరు, గుడి కట్టించినదెవరు, చెరువు త్రవ్వించినదెవరు, ఏ రాజు ఏ ఇనాము ఇచ్చెను, ఏ దండు వచ్చి ఊరిని పాడుచేసెను, తిరిగి ఎవరు నిలిపిరి అను వరుస నడచును. కొన్నిటిలో ఊరి పొలిమేరలోని చెట్లు, మృగములు, పక్షులు, పండు పైరులు కూడ లెక్కవేసి వ్రాయబడినవి. 1800లో నిజాము కంపెనీవారికి ఇచ్చివేసిన దత్తమండలము, అనగా తరువాత రాయలసీమ యని పేరుపొందిన ప్రాంతమునుండియు, గుంటూరు సీమనుండియు ఇట్టి కైఫీయతులు విస్తారముగా వచ్చినవి. చక్రవర్తుల చరిత్ర వ్రాయువారు మన చిన్న ఊళ్ళను తలంచనైన తలంపరు. కైఫీయతులో మాత్రము ఊరే కథానాయకుడు.

ఈ పని సులువుగా జరిగినదని తలంపరాదు. క్రొత్తమనుష్యుడు వచ్చి, మీ ఇనాము పత్రము చూపుము, మీ పొలమెంత, మీ గుడికి మాన్యమెంత అని అడిగినప్పుడు ఊరివారికి మొదట తోచునది పన్ను. సర్కారువారు శిస్తు పెంచుటకే ఈ ఎత్తు వేసిరని జడిసి నోరు మెదపనివారును, కాగితములు దాచివేసినవారును ఉండిరి. ఆ భయము నిష్కారణమైనదని మనము చెప్పలేము. తెలిసికొన్న ప్రతి సంగతియు ఏలువారి చేతిలో ఒక పనిముట్టు కాగలదు. మెకంజీకి ఊరిమీద ప్రేమయుండవచ్చును గాని, అతనికి జీతమిచ్చినది కంపెనీ. ఈ రెండు సంగతులును నిజమే. ఒకదానిని చెప్పి రెండవదానిని దాచుట న్యాయము కాదు.

గొలుసుతో కొలిచిన దేశము

ఆ దినములలోనే మరియొక సర్వే కూడ ఆరంభమాయెను. 1802లో విలియం లాంబ్టన్ అను సైనికోద్యోగి మదరాసు దాపున సెయింట్ థామస్ మౌంటు వద్ద నూరడుగుల ఉక్కు గొలుసుతో ఏడున్నర మైళ్ళ సరళరేఖను కొలిచెను. ఒక త్రిభుజములో ఒక భుజము, రెండు కోణములు తెలిసినచో మిగిలినవి లెక్కగట్టవచ్చునని మన పిల్లలు బడిలో నేర్చుకొనుచున్నారు గదా! ఆ చిన్న సూత్రముమీద ఆధారపడి, కొండనుండి కొండకు, గోపురమునుండి గోపురమునకు త్రిభుజములను అల్లుకొనుచు, ఇంచుమించు అర టన్ను బరువుగల థియోడొలైటును మోసికొనుచు వారు ఉత్తరముగా సాగిరి. లాంబ్టన్ 1823లో హింగన్‌ఘాట్‌లో, పని ముగియకమునుపే మరణించెను.

ఆ పని మన ప్రాంతమునుండి కూడ బలి కోరినది. 1819లో జార్జి ఎవరెస్టు అను యువకుడు హైదరాబాదు చేరి, కృష్ణా గోదావరుల మధ్యనున్న అడవులలో కొలతలు తీయుటకు బయలుదేరెను. వర్షకాలమున అడవిజ్వరము ఆ దండునంతటిని పట్టుకొనెను. జెండాలు మోయువారు, సామాను మోయువారు, కావలివారు వరుసగా మంచమెక్కిరి. కొందరు తిరిగి ఇల్లు చేరలేదు. ఎవరెస్టు ప్రాణములతో బయటపడి, ఆరోగ్యము కొరకు 1820లో దక్షిణాఫ్రికాలోని కేప్‌నకు పోవలసివచ్చెను. లోకములో ఎత్తైన శిఖరమునకు 1865లో అతని పేరు పెట్టబడెను. ఆ శిఖరపు ఎత్తును లెక్కగట్టిన కచేరిలో ముఖ్యగణకుడు బెంగాలీయుడైన రాధానాథ్ సిక్దార్. మన అడవులలో జ్వరముతో పడిపోయిన కూలీల పేర్లు మాత్రము ఏ శిఖరముమీదను లేవు.

గొలుసు కొలత, కైఫీయతు – ఈ రెండును ఒకదానికొకటి శత్రువులు కావు. గొలుసు లేనిచో ఊరెక్కడనున్నదో తెలియదు. కైఫీయతు లేనిచో ఊరేమిటో తెలియదు. గొలుసు దూరమునుండి కొలువగలదు, ఎవరిని అడుగనక్కరలేదు. కైఫీయతుకు మాత్రము ఎదుటిమనిషి నోరు విప్పవలెను. అది నమ్మకముతో గాని కాని పని.

అమరావతి రాళ్ళు

అడిగి తెలిసికొనుటవలన కలిగిన మేలునకు అమరావతి ఒక సాక్ష్యము. వాసిరెడ్డి వెంకటాద్రినాయుడుగారు అమరావతిలో క్రొత్త పట్టణము కట్టించుచున్నప్పుడు, దీపాలదిన్నె యని పిలువబడు మట్టిదిబ్బలో చెక్కడపు పలకరాళ్ళు బయటపడెను. ఆ వార్త విని మెకంజీ 1797లో వచ్చి చూచెను. 1816లో తిరిగివచ్చి తన పనివారిచేత ఆ రాళ్ళకు కొలతలు తీయించి చిత్రములు వ్రాయించెను. అది బౌద్ధ స్తూపమని అప్పటికి ఎవరికిని స్పష్టముగా తెలియదు. ఇంతలో జనులు ఆ రాళ్ళను మెట్లకును, గోడలకును వాడుకొనుచు, సున్నము కొరకు కాల్చుచు నుండిరి. ఆ చిత్రములలోని కొన్ని రాళ్ళు ఈనాడు ఎక్కడను లేవు. కాగితముమీద మాత్రమే బ్రదికియున్నవి. మిగిలినవి లండనులోను, చెన్నైలోను, అమరావతిలోను, ఇతర మ్యూజియములలోను చెదరియున్నవి.

ఎవరి గొంతు వినబడుచున్నది?

మెకంజీ 1815లో భారతదేశమంతటికి సర్వేయర్ జనరలు ఆయెను. 1821 మే నెల 8వ తేదీన కలకత్తా సమీపమున మరణించెను. అతడు కూడబెట్టినదానిని అతని భార్యనుండి కంపెనీవారు లక్ష రూపాయలకు కొనిరి. హెచ్.హెచ్. విల్సన్ 1828లో ప్రకటించిన పట్టిక ప్రకారము అందులో 1,568 సాహిత్య గ్రంథములు, 2,070 స్థానిక చరిత్రలు, 8,076 శాసనముల నకళ్ళు, 2,630 చిత్రములు, 6,218 నాణెములు ఉండెను. ఒక్క మనుష్యుని పూనికతో, అనేకుల కాళ్ళతో, ఇంత సమకూడెను.

అయినను చదువరి ఒక ప్రశ్న వేసికొనవలెను. ఇందులో మాటలాడుచున్నదెవరు? చాలవరకు కరణములు, అర్చకులు, పాళెగాండ్రు. కాబట్టి కరణీకపు మిరాసీ ఎట్లు వచ్చెనో, అగ్రహారమెవరిచ్చిరో వివరముగానుండును. గుంటూరు సీమ కైఫీయతులు కొన్నిటిలో కాకతీయ గణపతిదేవుని మంత్రి గోపరాజు రామన్న నియోగులకు కరణీకములు ఇచ్చెనను కథ మరల మరల కనబడును. దానికి చెప్పిన సంవత్సరమునకును, గణపతిదేవుడు ఏలిన 1199–1262 నడిమి కాలమునకును పొత్తు కుదరదు. కరణమును కరణీకమును గూర్చి అడిగినచో అతని హక్కు పురాతనమైనదనియే చెప్పును. అది అబద్ధమని కొట్టివేయనక్కరలేదు. చెప్పినవాడెవడు, చెప్పుటలో అతనికేమి లాభము అని విచారించి, శాసనములతో సరిచూచుకొని చదువవలెను. చరిత్ర చదువుటకు ఇదే మొదటి నియమము.

మరి చెరువునకు మట్టి మోసినవారేమయిరి? దుక్కి దున్నినవారు, తోలు పనివారు, నేతపనివారు, పొలిమేర తగవులలో సరిహద్దు చూపి సాక్ష్యము పలికిన వెట్టివారు ఏమయిరి? ఆ ఊరిని వారికంటె బాగుగా ఎరిగినవారు లేరు. ప్రతి గట్టును, ప్రతి బావిని, ప్రతి చెట్టును వారెరుగుదురు. కాని కలము పట్టినవాడు వారి పల్లెకు పోయి, ‘మీ కథ చెప్పుడు’ అని అడుగుట చాల అరుదు. వారు కైఫీయతులలో లెక్కగా కనబడుదురు, పనివారుగా కనబడుదురు. చెప్పువారుగా కనబడుట కష్టము. మన సంఘములలో అనేకుల తాతముత్తాతలు ఆ అడుగబడని వారిలోని వారే. అందుచేత ఈ లోటు మనకు పుస్తకములోని సంగతి కాదు, ఇంటిలోని సంగతి.

లక్ష్మయ్య మనవి

అడిగినవానికి, చెప్పినవానికి నడుమ నిలిచి ఇరువది సంవత్సరములకు పైగా పనిచేసిన లక్ష్మయ్యకు చివరకేమి దక్కెను? మెకంజీ మరణముతో జిల్లాలలోని పని నిలిచిపోయెను. దానిని తిరిగి సాగించుటకు తనకు అవకాశమియ్యవలెనని లక్ష్మయ్య 1830 దశకములో ప్రభుత్వమునకు మనవి చేసికొనెను. ఆ కాగితములు అభిప్రాయము కొరకు కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీకి పోయెను. అప్పటి కార్యదర్శి జేమ్స్ ప్రిన్సెప్ గొప్ప పండితుడు. అశోకుని బ్రాహ్మీ శాసనములను చదివి లోకమునకు ఉపకారము చేసినవాడు. అట్టివాడును, ఇతడే కాదు, ఈ దేశస్థుడెవడైనను సహాయకుడుగా ఉపయోగపడునే గాని ఇంతటి కార్యమును తానై నిర్వహింపజాలడను భావముతో సమాధానమిచ్చెను. సేకరించుటకు తగిన చెయ్యి, తూచుటకు తగినది కాదట!

ఆ కాగితములను పరిశీలించి వివరించు పని మదరాసులోని రెవరెండు విలియం టెయిలర్‌గారికి అప్పగింపబడెను. ఆయన మిషనరీ. ఆయన పడిన శ్రమను తక్కువ చేయరాదు. చెదలు తినిపోవుచున్న అనేక గ్రంథముల సారాంశము ఆయనవలన నిలిచినది. కాని ఊరూర తిరిగి తెచ్చినవాడు గుమ్మము బయట నిలుచుటయు, తెచ్చినదానికి అర్థము చెప్పు పీట మరియొకరికి వేయబడుటయు మనము దాచవలసిన సంగతి కాదు. పీట ఎక్కినవారు మనవారైనను సరే, న్యాయము న్యాయమే. లక్ష్మయ్య మాత్రము చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. మదరాసులో దేశీయులు 1830 దశకములో నెలకొల్పిన హిందూ లిటరరీ సొసైటీకి అధ్యక్షుడై, చదువు వ్యాప్తికి పాటుపడెను.

ఇట్టి అవిశ్వాసము మరియొకచోట మరియొక రూపమున కనబడినది. టిబెట్టులోని సాంగ్‌పో నదియే అస్సాములోని బ్రహ్మపుత్రయా యను సందేహము తీర్చుటకు 1880లో కింథప్ అను సిక్కిం వాస్తవ్యుడు ఒక లామాతో కూడ పంపబడెను. అతనికి చదువు రాదు. తోడువచ్చిన లామా అతనిని బానిసగా అమ్మివేసి పారిపోయెను. కింథప్ తప్పించుకొని ఇంటిదారి పట్టలేదు. అప్పగించిన పనిని జ్ఞాపకముంచుకొని, గుర్తు పెట్టిన 500 దుంగలను దినమునకు 50 చొప్పున నదిలో వదలెను. తాను వదలబోవుచున్నానని పంపిన ఉత్తరము చేరవలసినవారికి చేరలేదు. కాబట్టి అస్సాములో ఆ దుంగలకొరకు కనిపెట్టినవాడెవడును లేడు. నాలుగు సంవత్సరముల తరువాత తిరిగివచ్చి చెప్పిన మాటను అనేకులు నమ్మలేదు. 1913లో బెయిలీ, మోర్స్‌హెడ్ అను ఇద్దరు దొరలు ఆ దారిని నడిచి చూచి, కింథప్ చెప్పినది చాలవరకు నిజమేయని తేల్చిరి. చదువురానివాని జ్ఞాపకము ముప్పది సంవత్సరములు సాక్షి కొరకు వేచియుండవలసివచ్చెను.

కాగితములు ఎట్లు మిగిలెను?

కైఫీయతులు కూడ మరికొంత ఆలస్యమైనచో మట్టిపాలయ్యెడివే. సిరా వెలిసి, కాగితము పొడియగుచుండగా చార్లెస్ ఫిలిప్ బ్రౌను వాటికి మంచి ప్రతులు వ్రాయించి, బైండు చేయించి కాపాడెను. వేమన పద్యములను, తెలుగు కావ్యములను కాపాడినట్లే మన ఊళ్ళ కథలను కూడ ఆయన కాపాడెను. ఈనాడు ఈ సేకరణలో ముఖ్యభాగములు చెన్నైలోని ప్రాచ్యలిఖిత గ్రంథాలయములోను, లండనులోని బ్రిటిష్ లైబ్రరీలోను ఉన్నవి. కడపలో బ్రౌను పేరిట వెలసిన గ్రంథాలయమువారు కడప జిల్లా కైఫీయతులను సంపుటములుగా అచ్చువేయించిరి. తన ఊరి పేరును అందులో వెదకి చదువుకొన్నవాని ముఖమును చూచినచో, చరిత్ర అనునది ఢిల్లీలోనే పుట్టలేదని తెలియును.

మన పని

ఈ కథ సంఘస్థులకు ఇంత వివరముగా చెప్పుటలో నా ఉద్దేశ్యమొకటి కలదు. నూరు సంవత్సరములు నిండినప్పుడు మనము సంచికలు వేయుదుము, ఛాయాచిత్రములు అచ్చువేయుదుము. అందులో పెద్దల పేర్లు, కట్టడముల తేదీలు ఉండును. అవి ఉండవలసినవే. అయితే ప్రతి పల్లెకు ఒక కైఫీయతు కూడ ఉండవలెను. మొదటి ప్రార్థన ఎవరి వాకిట జరిగెను? గుడికి స్థలమెవరిచ్చిరి? రాళ్ళెక్కడివి, మోసినదెవరు? మొదట బడికి పోయిన ఆడపిల్ల ఎవరు? ఏ కరువులో ఎవరు ఊరు విడిచిరి? ఏ బావినీళ్ళు ఎవరికి ఇయ్యబడలేదు, ఏ సంవత్సరమునుండి ఇయ్యబడినవి? ఈ ప్రశ్నలకు జవాబులు కమిటీ మినిట్సులో దొరకవు. బాప్తిస్మపు రిజిస్టరులో పేరు, తండ్రి పేరు, తేదీ మాత్రముండును. మిగిలినదంతయు ముసలమ్మల నోళ్ళలోనున్నది. ఆ గ్రంథములకు నకలు లేదు.

అడుగుటకు కొన్ని నియమములు కలవు. బొర్రయ్య, లక్ష్మయ్యల అనుభవము వాటిని మనకు నేర్పుచున్నది. మొదటిది, చెప్పినవారి పేరు వ్రాయవలెను. రెండవది, చూచినదానిని చూచినట్లును, విన్నదానిని విన్నట్లును వేరుచేసి వ్రాయవలెను. మూడవది, ఒక్కరినే అడుగరాదు. పెద్దయింటివారిని, పాకలోనివారిని, పురుషులను, స్త్రీలను, సంఘములోనివారిని, బయటివారిని అడుగవలెను. నాలుగవది, చెప్పినదానిలో తేదీ తప్పినచో చెప్పినవారిని నవ్వరాదు. రిజిస్టరుతో సరిచూచి ప్రక్కన వ్రాసికొనవలెను. అయిదవది, వ్రాసినదానిని తిరిగి వారికే చదివి వినిపింపవలెను. ఈ అయిదవ పని మెకంజీ దొర చేయలేదు. ఊళ్ళ కథలు కలకత్తాకు, లండనుకు పోయినవి గాని, ఊరికి తిరిగివచ్చుటకు నూరేండ్లకు పైగా పట్టినది.

ఎరుగనివారిని ఎరుగుట ఆఫ్రికా అడవులకో, టిబెట్టు కొండలకో పోయినవారి పని మాత్రమే కాదు. మన ఊరిలోనే ప్రక్క వీధివారి కథ మనమెరుగము. మన గుడిలోనే వెనుక చాపమీద కూర్చుండు వృద్ధుని తండ్రి ఎవరో, ఎక్కడనుండి వచ్చెనో ఎరుగము. ప్రతి సంఘములో చదువుకొన్న ఇద్దరు యువజనులు ఒక నోటుపుస్తకము కొని, ఈ సంవత్సరము ముగియకమునుపు ఆ పని మొదలుపెట్టవలెనని మనవి చేయుచున్నాను. మొదటి పుటలో ఊరి పేరు వ్రాయుడు. దానిక్రింద మీకు చెప్పినవారి పేరు వ్రాయుడు. ఆ తరువాత మీ పేరు వ్రాయుడు.